ఆకాశంలో బొటనవేలు

మరదలు అప్పటికి రెండోసారి చేతులు కడుక్కుంటోంది. మోచేతుల దాకా సబ్బు నురగ పట్టించి, గోళ్ళ సందులు పాత పళ్ళబ్రష్షుతో తోముకుని, కుళాయి కింద పెట్టింది. వెనకాల గుమ్మానికి ఆనుకుని రంగులావిడ నిలబడి చూస్తోంది. పరీక్ష హాల్లో తిరిగే పంతులమ్మ కూడా అంత అనుమానంగా చూడదు.

"ఆ మణికట్టు పైన. అక్కడ మీ ఆయనొచ్చి కడుగుతాడా?"

మరదలు మణికట్టు పైన కూడా రుద్దుకుంది. తువ్వాలుతో తుడుచుకుని రెండు చేతులూ చాపింది. రంగులావిడ వాటిని పట్టుకుని, వంగి, ముందు అరచేతులూ తరవాత వేళ్ళ కొసలూ వాసన చూసింది. ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే జరిగే తంతు ఇది. ఇది కానిదే ముందుగదిలోకి ప్రవేశం లేదు.

"ఏదో నూనె వాసన."

"నాకూ వస్తోంది వదినా. నా చేతులది కాదేమో."

"మరి కుళాయిదా? పొద్దున్నే పొయ్యి దగ్గర ఏం వేయించావు?"

"ఇవాళ నేను పొయ్యి దగ్గరికే వెళ్ళలేదు. టీ కూడా మీ తమ్ముడే పెట్టారు."

"అయితే ఇది నిన్నటి వాసనన్నమాట. అదింకా సిగ్గుచేటు. ఇంకోసారి కడుక్కో."

మరదలు మళ్ళీ కుళాయి తిప్పింది. ఆ పిల్లలో రంగులావిడకి నచ్చనిది సరిగ్గా అదే. ఏమన్నా పడుతుంది, తిరిగి ఏమీ అనదు. తిడితే తిట్టినట్టుండాలి కదా. గోడకి సున్నం కొట్టినట్టుంటుంది.

రంగులావిడ అనే పేరు వీధివాళ్ళు పెట్టింది. ముందుగదిలో ఆవిడ పట్టుగుడ్డల మీద బొమ్మలు వేస్తుంది కాబట్టి అలా పిలుస్తారు. పేరు మీద ఆవిడకి కోపం లేదు, పెట్టినవాళ్ళ మీదే జాలి. పట్టుకీ నైలానుకీ తేడా చెయ్యి వేసి చెప్పలేని మనుషులు, వాళ్ళకి ఇంతకన్నా మంచి పేరు ఎలా తడుతుంది? పక్కింటావిడ ఒకసారి స్కార్ఫు చూసి "ఎంత బాగుందో, అచ్చం మిషన్ మీద అచ్చేసినట్టే ఉంది" అంది. ఆ మెచ్చుకోలు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఆవిడకి ఒళ్ళు మండుతుంది.

ఇల్లు ఆవిడదీ తమ్ముడిదీ. భర్త పోయాక ఆవిడ పుట్టింటికే వచ్చేసింది, వచ్చిన వారానికే ముందుగది ఖాళీ చేయించింది. సోఫా వెనక వరండాలో పడింది. దాని స్థానంలో నిలువెత్తు మనిషి పడుకోగలిగేంత చెక్క చట్రం వచ్చింది. తెల్లపట్టుని దాని మీద సాగదీసి, అంచుల వెంబడి గుండుసూదులు గుచ్చుతారు. సన్నటి లోహపు ముక్కున్న చిన్న సీసాతో, రంగుని అడ్డుకునే జిగురుతో గీతలు గీస్తారు. ఆ గీతలు ఆరాక వాటి మధ్య రంగు ముంచిన కుంచె ఆనిస్తే చాలు, రంగు దానంతటదే పాకి గీత దగ్గరికొచ్చి ఆగుతుంది. చివర్న గుడ్డని తెల్లకాగితంలో చుట్టి, పెద్ద గిన్నెలో ఆవిరి పట్టిస్తే రంగు నిలుస్తుంది. ఆ కాగితం తమ్ముడు తాను పనిచేసే ప్రెస్సు నుంచి తెస్తాడు. ఈ కళకి తమ్ముడి సేవ అంతవరకే అని రంగులావిడ ఉద్దేశం.

గది రూలు ఒక్కటే. జిడ్డు చేతితో పట్టు ముట్టుకోకూడదు. నూనె అంటిన చోట పట్టుకి రంగు పట్టదు. గుడ్డ తెల్లగా ఉన్నంతసేపూ ఆ మరక కంటికి ఆనదు. రంగు పడ్డాకే పాలిపోయిన మచ్చగా బయటపడుతుంది, అప్పుడిక ఏ సబ్బూ దాన్ని తీయలేదు. అందుకే మరదలు జుట్టుకి గుడ్డ కట్టుకుని రావాలి, ముఖానికి ఏదీ రాసుకోకూడదు, చేతులు చూపించాలి. ఎవరో ఒకరు తప్పు చేస్తారన్న గట్టి నమ్మకం మీద రంగులావిడ ఈ రూలు పెట్టింది. ఆ ఎవరో ఒకరిలో తను ఉండొచ్చని ఆవిడకి ఎప్పుడూ తోచలేదు. ఆవిడ చేతులు వాసన చూసేవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

అసలు సంగతి ఆ చేతులదే.

నిరుడు వానలకు ముందు నుంచీ ఆవిడ కుడిచేతి వేళ్ళు చెప్పిన మాట వినడం మానేశాయి. పెద్ద కుంచె పట్టుకుంటే ఫరవాలేదు, భుజం బరువు దాన్ని నడిపిస్తుంది. జిగురు సీసా పట్టుకుంటే మాత్రం వణుకు మొదలు. గీతలో వెంట్రుకంత ఎడం ఉన్నా చాలు, రంగు అందులోంచి దొంగలా దూరి అవతల పడుతుంది. ఒకరోజు ఒక ఆకు గీస్తుంటే అదే జరిగింది. ఆకులో పచ్చరంగు పక్కనున్న పువ్వు మొహానికి పాకిపోయింది. మరదలు అప్పుడు పక్కనే నిలబడి ఉంది. ఆకునీ చూసింది, వదిన వేళ్ళనీ చూసింది, రంగు గిన్నెలు తీసుకుని కడగడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు రంగులావిడ సీసా మరదలి చేతిలో పెట్టింది. సాయం అడిగినట్టు కాదు, అంట్లు తోమమని చెప్పినట్టు.

"గీతలు గీసీ గీసీ విసుగొచ్చింది. ఇది కళేం కాదు, కూలిపని. రోడ్డు మీద తెల్లగీతలు వేసేవాడూ గీతలే వేస్తాడు. నువ్వు గియ్యి, రంగు నేను చూసుకుంటాను."

మరదలు గీసింది. మొదట్లో వంకరపోయేవి. తరవాత తరవాత ఊపిరి బిగబట్టి, మోచెయ్యి చట్రానికి ఆనించి, ఒక్క లాగులో గీయడం పట్టుబడింది. ఆ గీతలు తన కన్నా బాగా వస్తున్నాయని రంగులావిడకి తెలిసిన రోజు నుంచి తిట్లు రెట్టింపయ్యాయి. ఇంట్లో ఇంకెవరూ గీయలేరు. ఈ పిల్ల కాదంటే చట్రం వరండాలో సోఫా పక్కన చేరుతుంది. ఆ మాట ఆవిడ మనసులో కూడా పూర్తిగా అనుకునేది కాదు. సగంలోనే తుంచేసి, మరదలు కట్టుకున్న చీర రంగు బాగాలేదనో, నడిస్తే చప్పుడవుతోందనో ఏదో ఒకటి అనేది.

బాత్‌రూమ్‌లో సబ్బుపెట్టె వెనకాల చిన్న సీసా ఉంది. నరాలకి మంచిదని ఎవరో చెప్పిన మందునూనె. రంగులావిడ రోజూ తెల్లవారగానే తలుపు గడియ వేసుకుని వేళ్ళకీ మణికట్టుకీ మర్దనా చేసుకుని, సబ్బుతో గట్టిగా కడిగేసుకునేది. ఇవాళ మాత్రం గాభరా. షోరూమావిడ వస్తోంది. ఊళ్ళోకెల్లా పెద్ద బట్టల షోరూమ్, దాని ముందరి అద్దానికి పట్టుతెర కావాలట, చట్రం మీద ఉండగానే చూస్తానంది. గాభరాకి వేళ్ళు ఇంకా వణికాయి. రెండోసారి నూనె పట్టించింది. తమ్ముడు బయట నుంచి తలుపు తట్టేసరికి ఉత్త నీళ్ళతో కడుక్కుని చీరకి తుడుచుకుని వచ్చేసింది.

మరదలి చేతుల పరీక్ష ముగిసింది. ఇద్దరూ ముందుగదిలోకి వచ్చారు. చట్రం మీద తెర బిగించి ఉంది. రెల్లుగడ్డిలోంచి లేస్తున్న కొంగల గుంపు. రెల్లుకి రంగు పడింది, కొంగలు తెల్లగానే ఉండాలి. ఇక మిగిలింది కింద నీళ్ళూ పైన ఆకాశమూ.

"పట్టు వదులైనట్టుంది. సూదులు సరిగా గుచ్చితే కదా," అంటూ రంగులావిడ బొటనవేలితో ఆకాశం మధ్య నొక్కి చూసింది. పట్టు బిగువు చూడడానికి అలా నొక్కడం ఆవిడకి ఎన్నాళ్ళ నుంచో అలవాటు. కాస్త పక్కకి జరిగి మళ్ళీ నొక్కింది. డప్పులా మోగింది. "ఫరవాలేదులే. ఎవరో నేర్పారు కాబట్టి సరిపోయింది."

షోరూమావిడ చెప్పిన వేళకన్నా ముందే వచ్చింది. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచింది. అడక్కుండానే విడిచినందుకు రంగులావిడ ఆవిడకి కొన్ని మార్కులు వేసింది. కళ్ళజోడు తల మీద పెట్టుకున్నందుకు ఆ మార్కులు వెంటనే తీసేసింది.

"మీ పని గురించి చాలా విన్నానండి."

వినడం చెవుల పని, కళ్ళున్నాయో లేదో చూద్దాం అనుకుంది రంగులావిడ. పైకి, "రండి, రండి. ఈ గదిలో గాలి తగలకూడదు, అందుకే కిటికీలు తియ్యం," అంది.

తమ్ముడు ప్రెస్సుకి సెలవు పెట్టి, కాగితాల చుట్ట చంకన పెట్టుకుని మూల నిలబడ్డాడు. మరదలు గిన్నెలో నీలం రంగు కలుపుతోంది. షోరూమావిడ కళ్ళజోడు కిందకి దించి, తెర మీదకి వంగి చాలాసేపు చూసింది.

"ఈ మెడలు చూడండి. ఒక్కచోట కూడా చెయ్యి ఆగినట్టు లేదు. ఈ గీతలు ఎవరివండి?"

"ఈ ఇంట్లో పట్టు మీద చెయ్యి వేసేది నేనేనండి."

మరదలు రంగు కలపడం ఆపలేదు. తమ్ముడు మాత్రం ఉండబట్టలేకపోయాడు.

"అంటే అక్కా, గీతలు..."

"ఆ చుట్ట కింద పెట్టకు, తడి తగులుతుంది. నోరు తెరిచి నిలబడకుండా తలుపు దగ్గరగా వెయ్యి."

తమ్ముడు తలుపు దగ్గరగా వేశాడు. ప్రెస్సులో మిషన్ల చప్పుడుకి అలవాటైన మనిషి, ఇంట్లో ఏ చప్పుడుకీ ఎదురు చెప్పడు.

"చూడండి మరి," అని రంగులావిడ పెద్ద కుంచె అందుకుంది. "ఆకాశం వెయ్యడం అందరివల్లా కాదు. మధ్యలో ఆపితే ఆపినచోట అంచు కట్టేస్తుంది. ఒక్క ఊపులో అయిపోవాలి. ఊపిరి ఉండాలి, ధైర్యం ఉండాలి. గీతలదేముంది."

ముంచి, లాగి, ముంచి, లాగి, తడి మీద తడి పడేలా చట్రం ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. నీలం పట్టు మీద పరుచుకుంటూ కొంగల రెక్కల దాకా వచ్చి, గీత దగ్గర బుద్ధిగా ఆగింది. భుజం వణకలేదు. ఆ కాసేపూ రంగులావిడ నిజంగానే బాగా పనిచేసింది, అందులో అబద్ధం లేదు. చివరి అంచు దాకా తీసుకెళ్ళి, కుంచె గిన్నెలో పెట్టి, మెచ్చుకోలు కోసం తల తిప్పింది.

షోరూమావిడ ఆవిడని చూడట్లేదు. ఆకాశాన్ని చూస్తోంది.

నీలం మధ్యలో ఒక పాలిపోయిన మచ్చ లేస్తోంది. కాస్త పక్కన ఇంకొకటి. చుట్టూ రంగు పాకుతున్నకొద్దీ ఆ రెండూ ఇంకా తెల్లగా తేలుతున్నాయి.

"చూశారా," అంది రంగులావిడ. గొంతు పెద్దది చెయ్యలేదు, ఆవిడ హేళనకి చప్పుడు అక్కర్లేదు. "మూడుసార్లు కడిగించానండి ఈవిడ చేత. మూడుసార్లు. వాళ్ళింట్లో తలుపులకి కూడా నూనె రాస్తారేమో, పుట్టుకతోనే అంటుకుని వచ్చింది. ఏమ్మాయ్, అది ఆకాశం అనుకున్నావా, నీ వంటింటి గట్టనుకున్నావా?"

"నేను ఆకాశం వైపు ముట్టుకోలేదు వదినా. కొంగలు గీసేటప్పుడు కూడా చేతి కింద కాగితం వేసుకున్నాను."

"కొంగలు గీసేటప్పుడా," అంది షోరూమావిడ మెల్లిగా.

రంగులావిడ ఆ మాట వినిపించుకోలేదు. "ముట్టుకోలేదట. అయితే ఆ కొంగలే వచ్చి రాసుకున్నాయేమో. ఏరా తమ్ముడూ, నీకు పెళ్ళి చేసేటప్పుడే చెప్పాను. మాట్లాడని పిల్ల మంచిదన్నావు. మాట్లాడకుండా ఎన్ని పనులు చేస్తుందో చూడు."

"పోనీలే అక్కా," అన్నాడు తమ్ముడు.

"పోనీలే. నీ జీవితానికంతటికీ ఆ ఒక్క మాట చాలు."

వేలెత్తి చూపడానికి వంగింది. వేలు మచ్చ దగ్గరికి చేరింది, అక్కడే ఆగిపోయింది.

ఆ మచ్చ గుండ్రంగా లేదు. బొటనవేలి ఆకారంలో, వెడల్పుగా ఉంది. దాని మధ్య నుంచి అడ్డంగా ఒక సన్నటి నీలిగీత పోతోంది. చాలా ఏళ్ళ కిందట పట్టు కోస్తూ బ్లేడు జారి రంగులావిడ బొటనవేలు తెగింది. తెగినచోట లోతుగా గాడి పడి, అలాగే మానింది. ఆ గాడి పట్టుకి తగలదు. తగలనిచోట నూనె అంటలేదు, నూనె అంటనిచోట రంగు ఎక్కింది. పక్క మచ్చలోనూ అదే గీత.

ఆవిడ వేలు ముడుచుకుంది. తల ఎత్తేసరికి మరదలి కళ్ళు ఆ ముడిచిన పిడికిలి మీద ఉన్నాయి. వెంటనే కిందకి దిగిపోయాయి. పొద్దున్న ఇద్దరికీ వచ్చిన నూనె వాసన ఎక్కడిదో ఆ పిల్లకి అప్పుడే తెలుసునని రంగులావిడకి ఇప్పుడు తెలిసింది. బాత్‌రూమ్ కడిగేది ఎవరు? సబ్బుపెట్టె జరిపేది ఎవరు?

"తడి ఆరకముందే ఉప్పు చల్లుదాం వదినా," అంది మరదలు, తెరని చూస్తూ. "ఉప్పు రంగుని లాగేస్తుంది కదా. ఆ రెండూ మబ్బుల్లో కలిసిపోతాయి. ఎవరికీ తెలియదు."

ఎవరికీ తెలియదు. అంతకన్నా మర్యాదగా ఎవరూ చెప్పలేరు. ఒప్పుకోనక్కర్లేదు, కృతజ్ఞత చూపించనక్కర్లేదు, ఊ అంటే చాలు. కానీ రంగులావిడకి ఆ మర్యాదే మండింది. చేతులు వాసన చూపించుకునే మనిషి తనని దాచిపెడుతోంది. తన మీద జాలి పడుతోంది.

"విన్నారా," అంది షోరూమావిడ వైపు తిరిగి నవ్వుతూ. "మబ్బులట. పాడుచేసేవాళ్ళకి కప్పెట్టడం బాగా వస్తుందండి. అదొక్కటీ నేను నేర్పలేదు."

మరదలి మొహంలో ఏమీ మారలేదు. ఉప్పుడబ్బా కోసం సగం చాపిన చెయ్యి మాత్రం వెనక్కి వచ్చి, తువ్వాలు మీద ఆగింది.

షోరూమావిడ తెర కింది మూల వైపు వంగింది. "మబ్బులు ఉంటేనే బాగుంటుందండి, నిజానికి. నాకు ఆకాశం సంగతి కాదు, ఈ గీతల కోసమే వచ్చాను. ఒక పని చేస్తారా? ఈ కింద మూల ఖాళీగా ఉంది. ఇక్కడొక పిల్లకొంగ, తల ఎత్తి పైవాటిని చూస్తున్నట్టు. ఇప్పుడే గీయండి, చూడాలనుంది. అది చూశాక తెర సంగతి ఖాయం చేసుకుని వెళ్తాను."

రంగులావిడ జిగురు సీసా అందుకుంది. అందుకోక తప్పలేదు. చట్రం మూలకి వెళ్ళి, పట్టుకి జానెడు ఎత్తులో చెయ్యి ఆపింది. సీసా ముక్కు వణికింది. చట్రం కర్రకి మణికట్టు ఆనించింది. ఇంకా వణికింది. ముక్కు కొసన జిగురు బొట్టు గుండ్రంగా కూడుకుని, రాలబోతూ వేలాడింది. ఆవిడ చప్పున చెయ్యి పక్కకి తీసింది, బొట్టు నేల మీద పడింది.

"ముక్కు మూసుకుపోయింది. కడిగి పెట్టమంటే కడగరు." సీసాని మరదలి వైపు చాపింది. "ఇదిగో, నువ్వే గియ్యి. ఎలా గియ్యాలో నేను పక్కనుండి చెప్తాను. చిన్న బొమ్మే కదా, ఈవిడ గీసినా ఫరవాలేదండి."

మరదలు సీసా కోసం చెయ్యి చాపింది.

"ఆగాగు. ఆ చేతులతోనా? ముందు కడుక్కుని రా."

మరదలు లోపలికి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు, సబ్బు గిన్నెలో పెట్టిన చప్పుడు, మళ్ళీ నీళ్ళ చప్పుడు. చాలాసేపు కడుక్కుంది. ఈలోగా ఆకాశం ఒక పక్క నుంచి ఆరడం మొదలుపెట్టింది. తమ్ముడు ఉప్పుడబ్బా వైపు చూశాడు, అక్క వైపు చూశాడు, కాగితాల చుట్ట ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకున్నాడు.

మరదలు తిరిగి వచ్చింది. తలకి కట్టుకున్న గుడ్డ విప్పేసింది. నేరుగా వచ్చి వదిన ఎదురుగా నిలబడింది. రంగులావిడ అలవాటు కొద్దీ వాసన చూడడానికి వంగింది.

మరదలు చేతులు చాపలేదు. రంగులావిడ కుడిచెయ్యి పట్టుకుంది. వేళ్ళ మధ్య నుంచి సీసా మెల్లిగా తీసి చట్రం అంచు మీద పెట్టింది. ఆ చేతిని వెల్లకిలా తిప్పి, తన మొహం దగ్గరికి తీసుకుని, ముందు అరచెయ్యి, తరవాత వేళ్ళ కొసలు, రోజూ పొద్దున్న తన చేతులు ఎలా చూస్తారో అలాగే, తొందర లేకుండా వాసన చూసింది. చూసి, ఆ చేతిని పట్టుకున్నంత జాగ్రత్తగానే వదిలేసి, గుమ్మం వైపు తిరిగింది.

గది అంతా మందునూనె వాసన ఉన్నట్టే అనిపించింది రంగులావిడకి. ఏదో అనాలి. ఇన్నేళ్ళలో ఏనాడూ మాటకి తడుముకోని మనిషి, అవసరమైన ఒక్క మాట కోసం లోపలంతా వెతికింది. దొరికింది ఒక్కటే.

"తలుపు దగ్గరగా వేసుకో. గాలికి రంగు ఆరిపోతుంది."

మరదలు గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంది. మొగుడి వైపు కూడా చూడలేదు. బయటికి అడుగుపెట్టి, వెనక్కి తిరిగి, తలుపుని చప్పుడు కాకుండా దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.